మహారాణా కుంభుడు

రాజస్థాన వీరగాథలు ఆంధ్రులకు క్రొత్తవి కావు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రాజస్థాన కథావళియు, దుర్భాక రాజశేఖర శతావధానిగారి రాణా ప్రతాపసింహ చరిత్రమును మన పాఠకలోకమున చిరకాలముగా ప్రచారమున నున్నవి. పద్మిని యెవరో, ప్రతాపసింహు డెవరో మన బాలురు సైతము ఎఱుగుదురు. కాని ఆ యిరువురి కాలములకు నడుమ, క్రీ. శ. 1433 మొదలు 1468 వఱకు, 35 సంవత్సరములు మేవాడ రాజ్యము నేలిన మహారాణా కుంభుని పేరు మనలో అంతగా వినబడదు. దీనికి కారణము లేకపోలేదు. ఆయన కథలో అగ్నిప్రవేశము లేదు. రణరంగమున నేలకొఱగిన వీరమరణము లేదు. పరరాజు లెవ్వరును లొంగదీయలేని ఆ మహారాజు తాను కట్టించిన కోటలోనే, తన కన్నకొడుకు చేతిలో హతుడయ్యెను. వీరమరణములను కీర్తించుటకు మన మలవాటుపడితిమి. ఒక రాజ్యము ఎట్లు కట్టబడునో, కట్టబడినది ఎచ్చట బీటవాఱునో తెలుపు జీవితములను అంత శ్రద్ధతో పరిశీలింపము. కుంభుని జీవితము అట్టి పరిశీలనకు మిక్కిలి తగినది.

మేవాడ రాజులు సిసోదియా వంశీయులు. రాజ్యము ఏకలింగస్వామిదనియు, తాము ఆ స్వామికి దివానులు మాత్రమే యనియు వారి సంప్రదాయము. వారి రాజధానియగు చితోడు దుర్గమును 1303లో అల్లాఉద్దీన్ ఖిల్జీ పట్టుకొనెను. కొన్ని దశాబ్దములలోనే హమ్మీరుడు దానిని తిరిగి సంపాదించి వంశమును నిలబెట్టెను. హమ్మీరుని మనుమడగు లాఖా రాణా కాలమున జావరు గనులు త్రవ్వుట ప్రబలినదని ప్రతీతి. ఆ గనులలో వెండి, సీసములు లభించెడివి. అంతకంటె విశేషమేమనగా, మట్టి మూసలలో ఖనిజమును కాచి ఆవిరి రూపమున తుత్తునాగమును దింపు విద్య అచ్చట పెద్ద యెత్తున సాగినది. వాడి పారవేసిన ఆ మూసల గుట్టలు నేటికిని అచ్చట కానవచ్చును. కుంభుని కోటలకును దేవాలయములకును వెనుక బలముగా నిలిచిన ఐశ్వర్యములో ఈ గనుల పాలు కొంత యున్నదని మఱవరాదు. కత్తి పట్టిన వారి పేర్లు చరిత్రలో నిలిచినవి; గనులలో దిగిన వారి పేర్లు నిలువలేదు.

లాఖా రాణా జ్యేష్ఠపుత్రుడు చూండా. అతనికి ఇయ్యవలెనని మార్వాడ రాజకుటుంబమునుండి హంసాబాయి సంబంధము రాగా, వృద్ధుడగు తండ్రి ఆ మాటపై ఏదో పరిహాసమాడెననియు, తండ్రి నోట ఆ రీతిని పలుకబడిన కన్యను తాను గ్రహింపరాదని చూండా పట్టుపట్టెననియు, తుదకు ఆమెను లాఖాయే వివాహమాడెననియు మేవాడ వృత్తాంతములు చెప్పుచున్నవి. ఆమెకు పుట్టబోవు కుమారునకు సింహాసనము విడిచిపెట్టెదనని చూండా మాట యిచ్చి, ఆ మాట చెల్లించెను. ఆంధ్రపాఠకులకు ఈ కథ వినగానే భీష్ముడు జ్ఞప్తికి రాకమానడు. హంసాబాయికి మోకలుడు పుట్టెను. లాఖా అనంతరము చూండా తన తమ్ముని పేర రాజ్యభారము వహించి, ఒక్క లోపము లేకుండ నడపెను. అయినను సవతితల్లికి అనుమానము కలుగగా, అతడు మాఱుమాటాడక మేవాడను విడిచి మాళవ రాజధానియగు మాండూకు పోయెను. అతడు పోయిన చోటున హంసాబాయి సోదరుడగు రాఠోడు రణమల్లుడు చేరి పలుకుబడి సంపాదించెను.

1433లో మోకలుడు తన దండువిడిదిలోనే హత్య చేయబడెను. చంపినవారు పరరాజులు కారు. చాచా, మేరా యను ఇరువురు. వీరు మోకలుని తాతకు ఉపపత్నియందు జన్మించినవారు, అనగా వరుసకు పినతండ్రులు. ఇట్లు తండ్రి నెత్తురు ఆఱకమునుపే బాలుడగు కుంభుడు సింహాసన మెక్కవలసి వచ్చెను. రణమల్లుడు మార్వాడనుండి పరుగున వచ్చి హంతకులను వెదకి చంపించి, మేనల్లుని కొడుకగు కుంభుని గద్దెపై స్థిరపఱచెను. కాని కాపాడ వచ్చినవాడు క్రమముగా రాజ్యమునే తన గుప్పిట పట్టుచున్నాడని మేవాడ సామంతులకు తోచెను. చూండా సోదరుడగు రాఘవదేవుని రణమల్లుడు చంపించుటతో ఆ భయము రూఢమయ్యెను. చూండాకు పిలుపు వెళ్లెను. 1438లో రణమల్లుడు చితోడులోనే వధింపబడెను. తన సింహాసనమును నిలిపినవాని వధకు కుంభుడు సమ్మతించె ననునది ఆయన చరిత్రలో మనము కప్పిపుచ్చదగని యంశము. రాజ్యరక్షణకు అది తప్పనిసరి యని ఆయన పక్షమువారు వాదింపవచ్చును. కాని ఇంటిలోని వివాదమును కత్తితో తీర్చు అలవాటు ఆ యింటిలో మఱింత వేరూనెననుటయు సత్యమే.

రణమల్లుని కుమారుడగు జోధా ప్రాణములతో తప్పించుకొని ఎడారిపాలయ్యెను. మార్వాడ రాజధాని మండోరు మేవాడ సేనల వశమయ్యెను. జోధా 15 సంవత్సరములు కష్టపడి 1453లో దానిని తిరిగి గెలిచికొని, 1459లో జోధపురమును స్థాపించెను. ఇచ్చట కుంభుని రాజనీతి ప్రశంసింపదగినది. పడమట పగ పెంచుకొన్నచో దక్షిణ దిక్కునుండియు తూర్పునుండియు వచ్చు ప్రమాదమును ఎదుర్కొనుట దుర్ఘటమని గ్రహించి ఆయన సంధికి సిద్ధపడెను. హద్దులు ఏర్పడెను. జోధా కుమార్తె శృంగారదేవి కుంభుని కుమారుడగు రాయమల్లునకు భార్య యయ్యెను. పంతము విడుచుటయు పరాక్రమములో ఒక భాగమని ఆ కాలపు రాజపుత్రులలో ఎఱిగినవారు కొలదిమంది మాత్రమే.

ఇక పొరుగు రాజ్యములు. ఢిల్లీ సుల్తానుల ప్రాభవము తైమూరు దండయాత్ర తరువాత క్షీణింపగా, మాళవము, గుజరాతు స్వతంత్ర రాజ్యములై బలసినవి. మేవాడ ఈ రెంటికిని నడుమ చిక్కినది. 1437లో కుంభుడు మాళవముపై సాగించిన దండయాత్ర ప్రసిద్ధము. 1439 నాటి రణకపుర శాసనము ఆయన గెలిచిన స్థలములలో సారంగపురము, నాగపురము, గాగరోను, అజ్మేరు, మండోరు, మండలగఢము, బూందీ మొదలగువానిని పేర్కొనుచున్నది. హిందూ సురత్రాణుడను బిరుదమును అందే కలదు. సుల్తాను అను శబ్దమునకే సంస్కృత వేషము సురత్రాణ శబ్దము. విజయనగర ప్రభువులు వహించిన హిందూరాయ సురత్రాణ బిరుదము ఎఱిగిన మనకు ఇది చిరపరిచితముగానే తోచును. ఉత్తరమునను దక్షిణమునను ఏలికలు తమ సమానులుగా సుల్తానులను లెక్కించి, వారి బిరుదమునే తమ భాషలో ధరించిరన్నమాట.

యుద్ధములలో ఎల్లప్పుడును జయము కుంభునిదే యని చెప్పుట చరిత్రకు అన్యాయము. మాళవ సుల్తాను మహమ్మదు ఖిల్జీ సామాన్యుడు కాడు. అతడు 1444లో గాగరోనును పట్టుకొనెను. మండలగఢము, అజ్మేరు పలుమాఱు చేతులు మాఱినవి. అతడు మేవాడపై దండెత్తి, చితోడును పట్టలేకయే మరలియు, 1443లో మాండూ నగరమున ఏడంతస్తుల విజయస్తంభము నెత్తించెను. కుంభుడు చితోడుపై తొమ్మిదంతస్తుల కీర్తిస్తంభము నెత్తించి 1448లో ప్రతిష్ఠ చేయించెను. ఒకే పోరాటమునకు రెండు పక్షములవారును విజయస్తంభములు నిలుపుట చూడగా, యుద్ధ విజయమను మాట ఎంత సందిగ్ధమో తెలియుచున్నది. మాండూ స్తంభము ఏనాడో కూలిపోయి, నేడు అడుగుభాగము మాత్రము మిగిలినది. చితోడు స్తంభము 122 అడుగుల యెత్తున నేటికిని నిలిచియున్నది. కాని అది నిలిచియున్నందుకంటె, దానిలో ఏమున్నదో చూచుట ముఖ్యము.

1456లో గుజరాతు సుల్తాను కుతుబుద్దీనును, మాళవ సుల్తాను మహమ్మదును చాంపానేరులో ఒడంబడిక చేసికొని, మేవాడను ఇరువైపులనుండి ముట్టడించి పంచుకొన నిశ్చయించిరి. అంతకుముందు నాగోరు గద్దెకై దాయాదులు పోరాడగా షమ్సుఖాను కుంభుని యాశ్రయించి, ఆయన సాయముతో గద్దె యెక్కెను. పిమ్మట మాట తప్పగా కుంభుడు నాగోరుపై దండెత్తెను. షమ్సుఖాను గుజరాతునకు పాఱిపోయెను. చాంపానేరు ఒడంబడికకు ఇది యొక కారణము. ఇద్దఱు సుల్తానులును కూడి వచ్చినను కుంభుడు లొంగలేదు. కుంభలగఢమును వారు పట్టలేకపోయిరి. ఈ యుద్ధములను రెండు మతముల పోరాటముగా వర్ణించువారు కలరు. కాని ఒక ముసల్మాను ప్రభువు దాయాదిపై సాయమునకు రాణాను ఆశ్రయించెను. రాణా వంశపు పెద్దకొడుకు చూండా మాళవ సుల్తాను కొలువున తలదాచుకొనెను. రాఠోడులును సిసోదియాలును ఒకరి నొకరు చంపుకొనిరి. మాళవ గుజరాతు సుల్తానులు తమలో తాము పలుమాఱు పోరాడిరి. ఇది భూమికై, బాటలకై, ఆధిపత్యమునకై జరిగిన రాజుల పోరాటము. దేవాలయములును ఆ పోరాటములలో ధ్వంసమైన మాట నిజమే. అది దాచవలసిన పనియు లేదు. కాని నేటి వైరములను తీసికొనిపోయి నాటివారి తలలకు తగిలించుట చరిత్ర కాజాలదు.

కుంభుడు దుర్గనిర్మాణమున అద్వితీయుడు. మేవాడలోని 84 కోటలలో 32 ఆయన కట్టించినవో, బాగుచేయించినవో యని సంప్రదాయము. ఆబూ పర్వతముపై అచలగఢమును 1452లో ఆయన బలపఱచెను. అన్నిటికిని తలమానికము ఆరావళీ శిఖరములపై 1458లో పూర్తియైన కుంభలగఢము. దాని ప్రాకారము సుమారు 36 కిలోమీటర్ల పొడవున కొండలపై పాము వలె ప్రాకియున్నది. లోపల దేవాలయములు, చెఱువులు, పొలములు కలవు. ముట్టడి ఎన్ని మాసములు సాగినను తిండికిని నీటికిని లోటు రాకుండ ఈ యేర్పాటు. చితోడు, కుంభలగఢములు రెండును 2013లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినవి.

ఈ నిర్మాణముల వెనుక శాస్త్రము గలదు. కుంభుని ఆస్థాన సూత్రధారియగు మండనుడు ప్రాసాదమండనము, రాజవల్లభము, రూపమండనము, దేవతామూర్తి ప్రకరణము మొదలగు వాస్తుశిల్ప గ్రంథములను సంస్కృతమున రచించెను. చేతిపనివాడు తన విద్యను గ్రంథస్థము చేయుట మన దేశమున అరుదు. చేయించిన రాజులును అరుదే. కీర్తిస్తంభమును నిర్మించిన శిల్పి జైతా పేరును, అతని కుమారుల పేర్లును ఆ స్తంభముపైననే చెక్కబడియున్నవి. ఆ స్తంభమున లెక్కకు మిక్కిలిగా దేవతామూర్తులు గలవు. ప్రతి మూర్తి క్రిందను దాని పేరు చెక్కబడియుండుటచే, అది రాతితో వ్రాసిన మూర్తిశాస్త్ర నిఘంటువై నేటి పండితులకు ఉపకరించుచున్నది. ఆ స్తంభముమీదనే అరబ్బీ లిపిలో అల్లా నామమును చెక్కబడియున్నది. మాళవ సుల్తానుతో పోరాడిన రాజు తన కీర్తిస్తంభమున ఆ నామమునకు చోటిచ్చుట గమనింపదగినది.

జైనుల యెడ కుంభుని ఆదరము ప్రసిద్ధము. ధరణాషాహ యను పోర్వాడ వర్తకుడు రణకపురమున ఆదినాథునకు చతుర్ముఖాలయము కట్టదలపగా కుంభుడు అనుమతియు ఆశ్రయమును ఇచ్చెను. దీపకుడను శిల్పి నిర్మించిన ఆ పాలరాతి మందిరమున 1,444 స్తంభములున్నవని ప్రసిద్ధి. 1449లో ఆబూ యాత్రకు వచ్చు జైన యాత్రికులపై గల పన్నులను కుంభుడు రద్దు చేసి, ఆ యాజ్ఞను శిలాశాసనముగా నిలిపెను. తాను విష్ణుభక్తుడును, ఏకలింగస్వామి సేవకుడును అయియుండి, ఇతరుల దేవుని వాకిట సుంకము వసూలు చేయకుండుట ఆయనకు గౌరవమేగాని కొఱత కాలేదు.

కుంభుడు స్వయముగా పండితుడు, వీణావాదనమున ప్రవీణుడు. సంగీతరాజ మను బృహద్గ్రంథమును రచించెను. పాఠ్య, గీత, వాద్య, నృత్య, రసములను ఐదు రత్నకోశములుగా విభజించి, 16,000 శ్లోకముల పరిమితిలో భరతుని నాటినుండి వచ్చిన విద్యను సమకూర్చెను. జయదేవుని గీతగోవిందమునకు రసికప్రియ యను వ్యాఖ్యయు, బాణుని చండీశతకమునకు వ్యాఖ్యయు వ్రాసెను. అభినవ భరతాచార్యుడను బిరుదము ఆయనకు ఊరక రాలేదు. సంగీతరత్నాకరమునకు సుధాకర వ్యాఖ్య వ్రాసిన రాచకొండ సింగభూపాలుడు, సాహిత్య సంగీత చింతామణులు రచించిన కొండవీటి పెదకోమటి వేముడు తెనుగునేలకు చెందిన అట్టి రాజవిద్వాంసులే. ఒకచేత కత్తి, ఒకచేత గంటము పట్టిన ఏలికలు ఆ శతాబ్దములలో దేశమునకు ఈ మూలను ఆ మూలను ఉండిరని సంతోషింపవచ్చును. కుంభుని కుమార్తె రమాబాయియు సంగీతమున విదుషీమణి. ఆమె జావరులో విష్ణ్వాలయము కట్టించెను.

ఇచ్చట ఒక పొరపాటును దిద్దవలసియున్నది. భక్తురాలగు మీరాబాయి కుంభుని భార్య యని టాడు దొర తన రాజస్థాన చరిత్రలో వ్రాసెను. ఆ మాట దేశభాషలలో వ్యాపించినది. చితోడులో కుంభుని దేవాలయ ప్రాంగణముననే మీరా మందిరము గూడ ఉండుట ఈ భ్రమకు దోహదము చేసినది. నిజమునకు మీరా వివాహమాడినది కుంభుని మనుమడగు సంగ్రామసింహుని కుమారుడు భోజరాజును. కుంభుడు గతించిన తరువాతనే ఆమె పుట్టెను. హరవిలాస శారద 1917లో కుంభునిపై గ్రంథము ప్రకటించి, మఱుగునపడిన ఈ రాజు చరిత్రను సాధారముగా లోకమునకు తెలిపెను.

ఇంతటి రాజు 1468లో కుంభలగఢములో, దేవాలయ సన్నిధిని ఏకాంతమున నుండగా, పెద్దకుమారుడు ఉదయసింహుడు వెనుకనుండి వచ్చి పొడిచి చంపెను. లోకము అతనిని ఊదా యని నీచముగా పిలుచుచు, పితృహంతయని పేరు పలుకుటకైనను జంకినది. రెండు సుల్తానుల సేనలు దాటలేని 36 కిలోమీటర్ల గోడకు లోపల, ఒక్క కత్తి చేయగలిగినది ఇది. ముత్తాత తరములో కాదు, తాత యన్నగారి తరములో కాదు, కేవలము మోకలుని అన్నగారి తరములో ఒక జ్యేష్ఠపుత్రుడు తండ్రికై సింహాసనమును వదలెను. మోకలుని మనుమల తరములో ఒక జ్యేష్ఠపుత్రుడు సింహాసనమునకై తండ్రిని చంపెను. ఒకే యింట రెండు తరముల యెడములో ఈ రెండును జరిగినవి.

ఊదా రాజ్యము ఐదేండ్లు నిలిచినది. సామంతులు మొగము చాటువేయగా, అతడు పొరుగువారి స్నేహమును భూమి నిచ్చి కొనెను. ఆబూ దేవడా రాజపుత్రులకును, అజ్మేరు సాంభరు ప్రాంతములు జోధాకును ఇట్లు పోయెనని వృత్తాంతములు చెప్పుచున్నవి. తండ్రి 35 ఏండ్లలో కూర్చిన దానిని కొడుకు ఐదేండ్లలో పంచిపెట్టెను. 1473లో సామంతులు ఈడరులో నున్న రాయమల్లుని పిలిపించి రాజును చేసిరి. ఊదా మాళవ సుల్తాను చెంతకు పాఱిపోయెను. రోగము అంతటితో నయము కాలేదు. రాయమల్లుని కుమారులును గద్దెకై కత్తులు దూసిరి. ఆ కలహముననే సంగ్రామసింహుడు ఒక కన్ను పోగొట్టుకొనెను. తెనుగునేల యందును ఆ దశాబ్దముననే ఇట్టి దృశ్యము కనబడినది. కపిలేశ్వర గజపతి గతింపగా హంవీరుడు, పురుషోత్తముడు అను సోదరులు పోరాడిరి, బహమనీ సుల్తానుల జోక్యమునకు ఆ పోరాటము దారి తీసినది, రాజమహేంద్రవరము చేజాఱెను. వీరులు లేక ఈ రాజ్యములు చెడలేదు. ఏలిక కన్నుమూసినచో అధికారము ఎవరికి, ఏ ధర్మమున చేరవలెనో నిశ్చయించి, ఆ నిశ్చయమును అందఱును మన్నించు కట్టుబాటు లేక చెడినవి.

కుంభుడు కోటలు కట్టెను, శాస్త్రములు కూర్చెను, శత్రువులను నిలువరించెను. ఒక్క కట్టడము మాత్రము ఆయన కట్టలేదు. తన తరువాత కూడ తన రాజ్యమును నిలుపగల కట్టుబాటును ఆయన కట్టలేదు. రాజ్యమంతయు ఆయన యొక్కని భుజములపై నిలిచినది. ఆ భుజములు వాలగానే అది వాలినది.

అయినను ఆయన శ్రమ వ్యర్థమైనదని యనరాదు. 1536లో బనవీరుడు విక్రమాదిత్య రాణాను చంపి, బాలుడగు ఉదయసింహుని గూడ చంపబోగా, దాదియగు పన్నా తన కన్నబిడ్డను ఆ బాలుని స్థానమున నుంచి బలియిచ్చి, రాజకుమారుని దాటించెను. అనేక కోటల తలుపులు ఆ బిడ్డకు మూసికొన్నవి. తుదకు తెఱచికొన్నది కుంభలగఢము తలుపు. దుర్గాధిపతి ఆశాషాహ అతనిని దాచి పెంచెను. అచ్చటనే ఆ ఉదయసింహునకు 1540లో ప్రతాపసింహుడు జన్మించెను. కట్టినవానిని కాపాడలేని గోడ, అతని మునిమనుమని కాపాడినది. భేదమెక్కడ? రాళ్లు అవే, ఎత్తు అదే. ఒకనాడు లోపల ద్రోహమున్నది. మఱొకనాడు లోపల ఒక దాది విశ్వాసమును, ఒక అధికారి ధర్మనిష్ఠయు ఉన్నవి.

మనము నేడు రాజుల కాలమున లేము. 1950 నుండి మన దేశమున అధికారము కత్తిమొనతో కాక, రాజ్యాంగ ధర్మమున చేతులు మాఱుచున్నది. కుంభునికి లేని కట్టడము అదియే. దానిని కట్టుట ఎంత కష్టమో, అది లేనినాడు ఎంతటి రాజ్యములు ఎట్లు కూలినవో ఎఱిగినవారే దానిని జాగ్రత్తగా కాపాడుదురు. దేశములకే కాదు, సంస్థలకును, ఉద్యమములకును, కుటుంబములకును ఇది వర్తించును. ఒక మహాపురుషుని ప్రతిభపై మాత్రమే నిలిచిన ఏ కట్టడమైనను ఆ పురుషునితోనే ప్రమాదమున పడును. చితోడు స్తంభమును చూచి కుంభుని కీర్తించువారు, కుంభలగఢమున ఆయన పడిన చోటును గూడ ఒక్కమాఱు తలచుకొనవలెను. మొదటిది ఆయన మనకిచ్చిన సంపద. రెండవది ఆయన జీవితము మనకు చేసిన హెచ్చరిక.